పేరిందేవి ఉగ్గుగిన్నె

సామర్లకోటలో పేరిందేవి అని, పిల్లల పెంపకంలో తనకు తెలియనిదంటూ లేదనుకునే అత్తగారు ఒకావిడ ఉండేది.

ఆమె కోడలు లోవకుమారి బస్సు కండక్టరు. పాపకు ఐదో నెల వచ్చేసరికి సెలవు అయిపోయింది. డ్యూటీకి వెళ్లకపోతే ఉద్యోగం పోతుంది. వెళితే పాపకు పాలెలా? ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పిందని లోవ పాలు తీసే చేతిపంపు కొనుక్కుంది. ఓపిగ్గా పాలు తీసి, రెండు చిన్న సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది.

"ఇది మా ఇంటా వంటా లేదమ్మా! ఆవును పితికినట్టు పితుక్కోవడమేమిటి?" అని పేరిందేవి మూతి తిప్పింది.

లోవ కోపం తెచ్చుకోలేదు. "పాప రోజూ తాగేవి ఈ పాలే అత్తయ్యా. కాచకండేం. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి పట్టండి, చాలు" అని చెప్పి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, సంచి భుజాన వేసుకుని వెళ్లింది.

"పచ్చిపాలు ఎవరైనా పడతారా? నాకు చెప్పొచ్చింది!" అనుకుంది పేరిందేవి. మొదటి సీసా గిన్నెలో వొంపి పొయ్యి మీద పెట్టింది. ఇంతలో పాప లేచి ఏడ్చింది. ఎత్తుకుని వచ్చేసరికి ఆ కాసిని పాలూ అడుగంటి మాడిపోయాయి.

ఇక ఒక్క సీసాయే మిగిలింది. ఈసారి కోడలు చెప్పినట్టే వెచ్చబెట్టింది. కానీ పాప రబ్బరు పీకను నాలుకతో తోసేసింది. మళ్లీ పెడితే ముఖం కందిపోయేలా ఏడ్చింది. పదకొండు దాటింది. లోవ వచ్చేది మూడింటికి.

పేరిందేవి ఫోను తీసుకుంది. "వచ్చెయ్, ఈ ఉద్యోగం మనకొద్దు" అంటే చాలు, తన మాటే నెగ్గుతుంది. అప్పుడే, మునిమనవరాలిని చూడ్డానికి వచ్చిన ఆమె తల్లి వీరమాణిక్యం వసారాలోంచి కేకేసింది.

"ఒసే, దేవుడి అరలో వెండి ఉగ్గుగిన్నె ఉంది, తే!"

"ఆముదం పట్టే గిన్నె ఇప్పుడెందుకే అమ్మా?"

"నీకు పాలు పట్టిన గిన్నె అది. ఏడో నెలలో గుప్పెడంత పుట్టావు. రొమ్ము పట్టే సత్తువ లేదు నీకు. నలభై రోజులు నా పాలు నేనే పిండి, ఆ గిన్నెతో పోశాను. మీ నాయనమ్మా ఇలాగే మూతి తిప్పింది."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు చెప్పనిస్తేగా!"

పేరిందేవి ఫోను పక్కన పెట్టేసింది. గిన్నెను తెచ్చి, నీళ్లలో మరిగించి చల్లార్చింది. "తల్లీ, నువ్వే దిక్కు" అనుకుంటూ పాలు పోసి, పాపను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె కొమ్మును కింది పెదవికి ఆనించింది. పాప ఒక్క క్షణం ఆగింది. చప్పరించింది. గుటక వేసింది.

"తాగుతోందే అమ్మా! తాగుతోంది!"

గిన్నె మళ్లీ నిండింది, మళ్లీ ఖాళీ అయింది. అప్పుడు చేసింది ఫోను. "అమ్మాయ్, పాప చుక్క మిగల్చకుండా తాగింది. మొదటి సీసా నేనే మాడ్చాను, తప్పు నాదే. నువ్వు నిశ్చింతగా డ్యూటీ చేసుకో."

లోవ కళ్లు తుడుచుకుని "రైట్ రైట్!" అని వేసిన కేకకు బస్సంతా ఉలిక్కిపడిందట.

మర్నాటి నుంచి పంపు కడిగి, మరిగించి, ఆరబెట్టే పని పేరిందేవిదే. పక్కింటావిడ అది చూసి మూతి తిప్పితే, "మా ఇంటా వంటా ఉంది వదినా! సాక్ష్యం కావాలంటే ఇదిగో, నేనే ఉన్నాను" అని నవ్వింది.

బిడ్డ కడుపు నింపడానికి తల్లి పడే కష్టం ఏ రూపంలో ఉన్నా దానికి తోడు నిలవాలి గానీ, మనకు తెలిసిన దారి ఒక్కటే దారి అనుకోకూడదు.