జమేదారుకు బూట్లు

ఇమాంవలి మూట కట్టుకున్నాడు. దర్గాకు వచ్చి మూడేళ్ళయింది. వచ్చేటప్పుడు తెచ్చుకున్న రెండు లుంగీలు, ఒక దుప్పటి, పరుపులు కుట్టే దబ్బనం, అంతే మూట. దాన్ని చంకన పెట్టుకొని, అరుగు మీద కూర్చున్న, దర్గా చూసుకునే హుసేన్ పీరా తాత ముందు నిలబడ్డాడు.

"తాతా, నేను ఇంటికి పోతా. పరుపులు కుట్టుకొని బతుకుతా."

"ఏమైందిరా?"

"మూడేండ్లుగా దర్గాకొచ్చేటోళ్ళకు ఈ చేత్తోనే బువ్వ వడ్డిస్తాండా. తింటారు, మూతి తుడుచుకుంటారు, పోతారు. ఒక్కరన్నా 'సంతోషం నాయనా' అన్లేదు. ఆ గుడ్డి ఫకీరమ్మైతే ఇంకా మేలు! పప్పులో ఉప్పు తక్కువైందని నలుగురి ముందర అంటాది."

"తక్కువే" అన్నాడు తాత. "ఔ గానీ, ఫకీరమ్మ రెండు దినాలుగా కనపడలేదే?"

ఇమాంవలి మంచివాడే. కాకపోతే, తాను మంచివాడినని అతనికి బాగా తెలుసు. చిక్కంతా అక్కడే.

ఫకీరమ్మ ఎందుకు రాలేదో కూడా అతనికి తెలుసు. దర్గాకూ ఆమె గుడిసెకూ నడుమ అంతా నాపరాళ్ళ గనులే. చెట్టు లేదు, నీడ లేదు. మే నెలలో ఆ బండల మీద నీళ్ళు చల్లితే చుయ్యిమంటాయి. ఆమెను రోజూ మధ్యాహ్నం తాడు పట్టించి తీసుకొచ్చేది ఒక నల్ల కుక్క. దాని పేరు జమేదారు. దాని అరికాళ్ళు కాలి బొబ్బలెక్కాయి. లేవడం లేదు.

నిన్న ఇమాంవలే గిన్నెలో రొట్టె, పప్పు పెట్టుకొని గుడిసెకు వెళ్ళాడు. ఆమె గిన్నెను వెనక్కి నెట్టింది.

"నడిచొచ్చి అందరితో కూచోని తింటే అది బువ్వ. ఇంటికాడికి తెచ్చి పెడితే బిచ్చం. తీస్కపో."

చెయ్యి పట్టుకొని నడిపిస్తానన్నాడు.

"మనిషి చెయ్యి పట్టుకుంటే బరువైతా. జమేదారుకు కాను. ఇంట్లో నూకలుండేదాకా గంజి కాచుకుంటా, పో."

ఆ నూకలు ఇంకో పూటకు కూడా రావని అతను కుండలోకి తొంగి చూసి తెలుసుకొని వచ్చాడు. ఇదంతా చెప్పాడు. తాత విన్నాడు.

"అయితే జమేదారు నడవాల. బూట్లు కుట్టు."

"కుక్కకా?"

"నాకుండాయి కదా చెప్పులు. దానికెందుకుండకూడదు? అది నడిచినంక పోదువులే ఇంటికి."

ఇమాంవలిది తాతల నాటి నుంచి దూది ఏకే ఇల్లు. ఆ ఇంట్లో పుట్టినవాడికి మెత్తదనమంటే దూదే. పాత మేకతోలు తెచ్చి నాలుగు సంచులు కుట్టాడు. లోపల దూది దట్టించాడు. ఎంత దట్టించాడంటే అవి బూట్లలా లేవు, చంటిబిడ్డల దిండ్లలా ఉన్నాయి. దూది పక్కకు జరక్కుండా, పరుపుకు వేసినట్టే మధ్యమధ్యన కుట్లు కూడా వేశాడు. తన పనితనం చూసి తానే మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున, బండలు చల్లగా ఉన్నప్పుడే ఇద్దరూ గుడిసెకు చేరారు. ఇమాంవలి కుక్కను మోకాళ్ళ నడుమ ఇరికించుకొని నాలుగు కాళ్ళకూ నాలుగూ తొడిగి, నాడాలు బిగించి కట్టాడు.

జమేదారు లేచి నిలబడింది. ఒక కాలు విదిలించింది. రెండో కాలు విదిలించింది. మూడోది ఎత్తబోయి దభీమని పక్కకు పడింది.

"ఏం చేస్తివిరా నా కుక్కను?" అని కేకేసింది ఫకీరమ్మ లోపలినుంచి.

కుక్క పడ్డచోటే ఒక బూటు నోటకరిచి చింపేసింది. వాకిలంతా దూది ఎగిరింది. ఇమాంవలికి ఒళ్ళు మండిపోయింది.

"చూసినావా తాతా! కుక్కంటే విశ్వాసమంటారే, దీనికి అది కూడా లేదు."

తాత కుక్క పక్కన కూర్చున్నాడు. మిగిలిన బూటొకటి విప్పి ఇమాంవలి చేతికి తొడిగాడు. "కండ్లు మూసుకో" అన్నాడు. ఆ చేతిని నేలకు ఆనించాడు.

"కింద ఏముంది?"

"తెలీలేదు."

చెయ్యి పట్టుకొని నాలుగడుగులు నడిపించి ఇంకోచోట ఆనించాడు. "ఇప్పుడు?"

"తెలీడం లేదు తాతా."

"కండ్లు తెరువు."

చెయ్యి గుడిసె పక్కనున్న గని గుంత అంచున ఉంది. వేళ్ళ కింద సగం రాయి, సగం గాలి.

ఇమాంవలి గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అక్కడే కూర్చొని బూట్లలోని దూదంతా పీకేశాడు. చింపిన దానికి కొత్త కుట్టు వేశాడు. గనివాళ్ళను అడిగి పాత లారీ ట్యూబు ముక్క తెచ్చి, పలచగా కోసి అడుగున కుట్టాడు. నాడా కింద రెండు వేళ్ళు దూరేంత వదులు పెట్టాడు.

తొడగబోతుంటే తాత ఆపాడు. "ముందు కాలు చూడు."

చూశాడు. అరికాలి బొబ్బ చిట్లి ఉంది. వేళ్ళ సందున నాపరాతి పెచ్చు ఒకటి లోపలికి దిగి ఉంది. అలాంటి కాలినేనా తాను ఇందాక అంత బిగించి కట్టింది! అతనికి సిగ్గేసింది. ఈసారి మోకాళ్ళ నడుమ ఇరికించలేదు. ఎదురుగా కూర్చొని చెయ్యి చాపాడు. జమేదారు కాసేపు ఆ చేతి వంక చూసి, కాలు అందులో పెట్టింది.

పెచ్చును పట్టుకోగానే గుర్రుమంది. మెడ తిప్పి అతని మణికట్టును నోట్లోకి తీసుకుంది. పళ్ళు చర్మానికి తగిలాయి. తాత కదల్లేదు.

ఇమాంవలి మెల్లగా లాగాడు. పెచ్చు వచ్చింది. ఆ దవడ వణికింది. పళ్ళు మాత్రం దిగలేదు. కాలు కడిగి, ఆముదం రాసి, మెత్తటి గుడ్డ చుట్టి, బూటు తొడిగేదాకా మణికట్టు అలాగే పట్టుకొని, తర్వాత వదిలేసింది. మిగతా మూడు కాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి తానే ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం గనుల్లో పనివాళ్ళు సమ్మెటలు పక్కన పెట్టి నవ్వారు. జమేదారు ఒక్కో కాలూ మూరెడెత్తు లేపి, చూసి చూసి వేస్తూ, మండే బండల మీద నడుస్తోంది. తాడు పట్టుకొని ఫకీరమ్మ. గుంత దగ్గర కుక్క ఆగింది, ఆమె ఆగింది. చుట్టు తిరిగి ఇద్దరూ దర్గా చేరారు. ఆమె లోపలికెళ్ళి అందరితో పాటు చాప మీద కూర్చుంది.

ఇమాంవలి బయట నీడలో కుక్క బూట్లు విప్పాడు, కాళ్ళకు గాలి తగలనీ అని. జమేదారు అటు తిరిగి పడుకొని కళ్ళు మూసుకుంది.

"తోకన్నా ఊపలే తాతా" అన్నాడు. సగం నవ్వు, సగం నిష్ఠూరం.

"నొప్పుండే కాలు నీ చేతికిచ్చింది. నోట్లో పండ్లుండి కూడా కరవలేదు" అన్నాడు తాత. "మరి నువ్వు చెప్పినావా దానికి, సంతోషమని?"

ఇమాంవలి తన మణికట్టు చూసుకున్నాడు. గీత కూడా పడలేదు. కుక్క తల మీద చెయ్యి వేశాడు. లేచి చేతులు కడుక్కొని లోపలికి వెళ్ళాడు.

ఫకీరమ్మ పళ్ళెం చాపి కూర్చుని ఉంది. అతను ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇంత ఎండలో నడిచొచ్చినావు. సంతోషం అవ్వా."

"నేనేం చేసినానురా?" అంది ఫకీరమ్మ. "పప్పు పొయ్యి."

ఇమాంవలి పప్పు పోశాడు.