ఓబన్న అడుగు

అనగనగా, కనుమ దాటితే గానీ ఇంకో ఊరు కనబడని ఒక కొండరాజ్యం. ఆ రాజ్యంలో చెంగమాంబ అనే ఇల్లాలు పల్లకీలు నడిపించేది. ఆవిడ దగ్గర బోయీలు ఎందరున్నా, ఓబన్న ఓబన్నే!

పల్లకీ మోసే నలుగురిలో దారి కనబడేది ముందువాడికే. వెనక ముగ్గురికీ కనబడేది అతడి వీపు. "రాయి!" అని అతడు కేకేస్తే కాలెత్తాలి. "గుంట!" అంటే పక్కకు జరగాలి. అతడెలా అడుగేస్తే అలాగే వేయాలి. ఓబన్న ముందుంటే పల్లకీలో నిండు చెంబు పెట్టినా చుక్క తొణకదని ఊరంతా చెప్పుకునేవారు.

అలాంటి ఓబన్నకు ఏమైందో ఏమో! ఒకనాడు "రాయి" అన్న కేక రాయి తగిలాక వచ్చింది. లోపలున్న శెట్టిగారి తలపాగా ఎగిరి మురుక్కాలవలో పడింది. ఇంకోనాడు పురోహితుణ్ణి పెళ్ళివారిల్లు దాటించి కుమ్మరావం దగ్గర దించాడు. పెళ్ళికూతురు పీటల మీద, పురోహితుడు కుండల మధ్య! మూడోనాడు ఖాళీ పల్లకీ, చదునైన బాట. అయినా నలుగురూ బొక్కబోర్లా పడ్డారు.

"ఏమైందిరా?" అని చెంగమాంబ అడిగితే, వెనక ముగ్గురూ "మాదే తప్పమ్మా, కాలు జారింది" అన్నారు. పెద్దవాణ్ణి కాపాడుతున్నామనుకున్నారు, పిచ్చివాళ్ళు!

అంతలో రాజుగారి కబురు వచ్చింది. "మా కోడలికి ఏడో నెల. కనుమ అవతలి పుట్టింటికి పురిటికి పంపాలి. ఓబన్నే ముందుండాలి."

చెంగమాంబ గుండె గుభేలుమంది. కనుమదారి ఇరుకు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ.

"వాడి నోరు వాసన చూసి మెడపట్టి గెంటెయ్" అన్నాడు ఆవిడ తమ్ముడు.

"ఇరవై ఏళ్ళ నమ్మకస్తుడే. చూసీ చూడనట్టు ఊరుకో" అంది అత్తగారు.

"గెంటితే మనిషి పోతాడు. ఊరుకుంటే తల్లీబిడ్డా పోతారు" అనుకుంది చెంగమాంబ. ఓబన్నను ఒంటరిగా పిలిచింది.

"ఓబన్నా, నువ్వేం తాగావో, ఏం తిన్నావో నేను చూడలేదు. చూడనిది అనను. చూసింది చెబుతాను." తలపాగా సంగతి, కుమ్మరావం సంగతి, చదునుబాట సంగతి వరసగా చెప్పింది.

ఓబన్న మండిపడ్డాడు. "గిట్టనివాళ్ళ చాడీలమ్మా ఇవన్నీ! నా అడుగుకేం వచ్చింది?"

"ఏమీ రాకపోతే మరీ మంచిది. అయితే ఇవాళ నువ్వు పల్లకీ ఎక్కు."

ఓబన్న నవ్వుతూ ఎక్కాడు. ముందు గురవడు నిలబడ్డాడు. వెనకనున్న ముగ్గురిలో వాడే పెద్దవాడు. వాడి చోట ఇంకో బోయీ భుజం పెట్టాడు. "ఈ నెల్లాళ్ళూ ఓబన్న వెనక ఏ అడుగు వేశారో అదే వేయండి. ఏదీ దాచకండి" అంది చెంగమాంబ.

అంతే! పల్లకీ కుడికి తూలింది, ఎడమకు ఒరిగింది. ఓబన్న తల కొయ్యకు టంగుమని కొట్టుకుంది. వాగు గట్టెక్కేసరికి అతడికి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఆపండ్రా! ముందున్నది ఎవడ్రా? తాగి చస్తున్నాడా?"

గురవడు మెల్లగా అన్నాడు. "ఇది నీ అడుగే మామా. మేమేం మార్చలేదు."

ఓబన్న కిందికి దిగి మట్టిలో చతికిలబడ్డాడు. భోరుమన్నాడు. "భుజం నొప్పికని మొదలెట్టానమ్మా. నొప్పి పోయింది, సారా పోలేదు. పొద్దున్నే అది పడకపోతే చేతులు వణుకుతున్నాయి."

"హమ్మయ్య, ఇప్పటికైనా నోరు తెరిచావు" అంది చెంగమాంబ. "నీ చోటు నీకుంటుంది, నీ కూడు నీకుంటుంది. కానీ వైద్యుడు సరేననాలి, ఈ ముగ్గురూ నీ వెనక నడుస్తామనాలి. అప్పటిదాకా పల్లకీకి భుజం పెట్టనివ్వను. తాగి వచ్చావో, ఈ గడప తొక్కనివ్వను."

తర్వాత రాజుగారి దగ్గరికి వెళ్ళి, "ప్రభూ, ఓబన్నకు ఒంట్లో బాగోలేదు. గురవడు ముందుంటాడు, పక్కన నేను నడుస్తాను" అని చెప్పింది. రాజు కనుబొమలు ముడిపడ్డాయి. అయినా ముందే చెప్పినందుకు సంతోషించి సరేనన్నాడు. కోడలు క్షేమంగా పుట్టిల్లు చేరింది.

ఓబన్న వైద్యుడింట ఉన్నాడు. చేదు కషాయాలు మింగాడు. మూడుసార్లు సారాకొట్టు దాకా వెళ్ళాడు, మూడుసార్లూ వెనక్కి తిరిగాడు. మూడోసారి చెంగమాంబే ఎదురైంది. పల్లెత్తు మాటనలేదు. వైద్యుడింటి దాకా అతడితో నడిచింది, అంతే.

ఐదు నెలలు గడిచాయి. కోడల్నీ మనవరాలినీ తీసుకురమ్మని రాజుగారి కబురు. వైద్యుడు సరేనన్నాడు. గురవడు తనంతట తానే వెనక్కి జరిగి, "ముందు నువ్వే మామా" అన్నాడు. మిగతా ఇద్దరూ సరేనన్నారు.

కనుమదారిలో చెంగమాంబ పల్లకీ పక్కనే ఊపిరి బిగబట్టి నడిచింది. "రాయి!" కేక రాయికి ముందే వచ్చింది. "గుంట!" గుంటకు ముందే వచ్చింది.

కోటవాకిట పల్లకీ దిగింది. చెంగమాంబ తెర తొలగించి చూసింది. పసిబిడ్డ అమ్మ ఒళ్ళో హాయిగా నిద్రపోతోంది. పెదవి మీద పాలచుక్క కూడా చెదరలేదు.

"ఓబన్నా, ఇలా రా. చూడు!" అంది చెంగమాంబ. ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి.

అందుకే పెద్దలంటారు, పిల్లలూ: తూలేవాణ్ణి తోసేయకు, తప్పును దాచేయకు, బరువు దించి, నిజం చెప్పి, నిలదొక్కుకునేదాకా తోడుండు.