దుర్భిణి మేడలో శనీశ్వరుడు

అనగనగనగా, సముద్రం ఒడ్డున ఒక పట్నం ఉండేదిట బంగారూ. ఆ పట్నంలో ఒక పార్కు. పార్కు మధ్యలో గుండ్రటి కప్పుతో ఒక పాత మేడ. నూరేళ్ళ కిందట చుక్కలు చూడ్డానికి కట్టించారు. లోపల పెద్ద దుర్భిణి ఉంది కాబట్టి జనం దాన్ని దుర్భిణి మేడ అనేవారు. శనివారం సాయంత్రం ఎవరొచ్చినా చూడనిచ్చేవారు.

ఆ పట్నంలోనే, చేపలు పట్టేవాళ్ళ పేటలో, పైడితల్లి అని ఒక పిల్ల ఉండేది. పదేళ్ళది. అది పుట్టిన రోజునే గాలివానొచ్చి వాళ్ళ నాన్న పడవ మునిగిపోయింది. నాన్న ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు గానీ పడవ పోయింది. అప్పట్నుంచీ నాయనమ్మ నూకాలమ్మ ఆ పిల్లని శని అనేది. పాలు పొంగిపోతే శని. వల చిరిగితే శని. దీపం ఆరిపోతే శని. నాన్న చేపల వేటకి బయల్దేరేటప్పుడు ఎదురుపడకూడదని పైడితల్లి తనే తలుపు చాటుకి వెళ్ళిపోయేది.

ఒక శనివారం బడి పంతులమ్మ పిల్లల్ని దుర్భిణి మేడకి తీసుకెళ్ళింది. అక్కడ దుర్భిణి చూపించే ఆవిడ పేరు లలితాంబ. ఇవాళ శనిగ్రహాన్ని చూపిస్తానని చెప్పింది. పిల్లలంతా వరసలో నిలబడ్డారు. అప్పుడు పైడితల్లి వరసలోంచి బయటికొచ్చేసింది. ఎందుకొచ్చేశావని లలితాంబ అడిగింది.

"నేను చూడకూడదండి. నేనే శనిని. నేను పుట్టిన రోజే గాలివానకి మా పడవ పోయిందండి. మా నాయనమ్మ చెప్పింది."

లలితాంబ నవ్వలేదు, బతిమాలలేదు. వచ్చే శనివారం మీ నాయనమ్మని వెంటబెట్టుకు రమ్మంది.

నూకాలమ్మ వస్తుందా? వచ్చింది. శనీశ్వరుడికే ఎదురుగా నిలబడి మొక్కుకుంటే గుంటకి, అదే మన పైడితల్లికి, పట్టిన పీడ వదులుతుందని ఆవిడ ఆశ. నల్లగుడ్డలో నువ్వులు మూటగట్టుకుని మరీ వచ్చింది.

మొదటి శనివారం మబ్బు పట్టింది. ఈ పిల్ల వచ్చింది, ఆయన మొహం చాటేశాడని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

రెండో శనివారం ఆకాశం బాగానే ఉంది గానీ, కప్పు తెరిచే చక్రం బిగుసుకుపోయింది. నూకాలమ్మ పిల్లవైపు చూసింది. పిల్ల తలొంచుకుంది. లలితాంబ అది కనిపెట్టింది.

"ఈ చక్రం ఎప్పుడూ ఇంతేనమ్మా. మీ మనవరాలు పుట్టకముందు నుంచీ ఇంతే" అంది.

మూడో శనివారం మబ్బు లేదు, చక్రమూ తిరిగింది. నూకాలమ్మ మూట చేత్తో పట్టుకునే దుర్భిణికి కన్ను ఆనించింది. లేతపసుపు రంగులో చిన్న ఉండ. చుట్టూ పళ్ళెం అంచులా ఒక వలయం. నల్లగా లేడు, కోపంగా లేడు. ఆవిడ చాలాసేపు కదల్లేదు.

"ఈయన మన జోలికి ఎప్పుడొస్తాడమ్మా?" అని అడిగింది.

"రాడమ్మా. సూర్యుడి చుట్టూ తిరుగుతుంటాడు. ఒక్కసారి చుట్టి రావడానికే దగ్గరదగ్గర ముప్ఫై ఏళ్ళు పడుతుంది."

"మరి మా పడవని ముంచిందెవరు?"

"గాలివాన."

ఆ తర్వాత పైడితల్లి చూసింది. శనీశ్వరుడు వేటకెళ్ళేవాళ్ళలా తాటాకు టోపీ పెట్టుకున్నాడని చెప్పింది.

అప్పుడు ఇద్దరూ బయటికొచ్చి పార్కులో ఒక బెంచీ మీద కూర్చున్నారు. నూకాలమ్మ పిల్లవైపు తిరిగి అంది.

"పదేళ్ళు అనరాని మాట అన్నానే నిన్ను. నీకు కోపం రాలేదా?"

"వచ్చింది నాయనమ్మా."

"మరి నన్నొక మాట అనకపోయావా?"

"నిజమేనేమో అనుకున్నా."

నూకాలమ్మ చెంగుతో పిల్ల మొహం తుడిచింది. మొహం మీద ఏమీ లేదు. అయినా తుడిచింది. పిల్ల పెద్దదైపోయినా ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పార్కు గేటు వేసేస్తామని కాపలావాళ్ళొచ్చి చెప్పేదాకా అలాగే కూర్చుంది. ఆ మాట మళ్ళీ ఆ ఇంట్లో ఎవ్వరూ ఎప్పుడూ అనలేదు.

చుక్కలేమో మింటికి,
కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
నిద్దరేమో కంటికి.