రెమీ దుక్లో అడిగిన నిశ్శబ్దం

మనకిష్టమైన మనిషి పరుగుకు దిగినప్పుడు గొంతు చించుకుని అరవడం అభిమానమా, అడ్డమా? మీరే చెప్పండి. యానాంలో పరుగు నేర్పే ఫిలోమినా టీచర్‌ని ధాత్రి ఆరోజు ఇదే అడిగింది. కాకపోతే ఇంత మర్యాదగా కాదు.

సాయంత్రం నాలుగింటికి వంద మీటర్ల ఫైనల్. మొదట వచ్చిన ఒక్కరికే జాతీయ పోటీలకు పిలుపు. ధాత్రి కోసం కాలేజీ నుంచి నలభైమంది డప్పులతో దిగితే, టీచర్ వాళ్ళను గేటు బయటే నిలబెట్టి తాళం వేసింది.

"పరిగెత్తేది నేనండీ. నా కోసం అరిచే నోళ్ళు మూయించడానికి మీరెవరండీ?"

టీచర్‌కి కోపం రాలేదు. "రెమీ దుక్లో అని ఒకడుండేవాడులే," అంటూ మెట్టు మీద చతికిలబడింది. తండ్రి ఫ్రెంచి సైన్యంలో పనిచెయ్యడంతో ఆవిడ చిన్నతనమంతా ఫ్రాన్సులో, లియాన్ నగరంలో గడిచింది. రెమీది ఆ ఊరే.

ఇరవై రెండేళ్ళకే దేశం మొత్తంలో అతన్ని మించి పరిగెత్తేవాడు లేకపోయాడు. మంగలి షాపు గోడల మీద అతనే, సబ్బు పెట్టెల మీద అతనే. పరుగు మొదలయ్యే గీత దగ్గరికొచ్చి జనం వైపు ఒక ముద్దు విసిరితే స్టేడియం ఊగిపోయేది. అతనికీ ఆ మోత లేనిదే ఒంట్లో ఊపు వచ్చేది కాదు.

తుపాకీ పేలే ముందు చూసేవాళ్ళంతా ఊపిరి బిగబట్టడం పరుగుపందెం మర్యాద. సొంత ఊళ్ళో జరిగిన పెద్ద పోటీలో ఆ మర్యాద గాలికి పోయింది. "రెమీ, రెమీ" అని ఒకటే గోల. తుపాకీ పేల్చే అధికారి, గీత మీద వంగినవాళ్ళను రెండుసార్లు లేపి నిలబెట్టి, మూడోసారి విసుగెత్తి పేల్చేశాడు. మిగతా ఏడుగురూ దూసుకుపోయారు. రెమీగారు మాత్రం నడుం పైకెత్తుకుని అలాగే వంగి ఉన్నారు. తన పేరే అడ్డమొచ్చి అతనికి తుపాకీ వినపడలేదు.

ధాత్రికి నవ్వాగలేదు. "మరి జనాన్ని తిట్టాడాండీ?"

"వారం రోజులు పేపర్లకెక్కి మరీ తిట్టాడమ్మా. వాళ్ళకీ రోషం ఉంటుంది కదా. తర్వాతి పోటీకి సగం కుర్చీలు ఖాళీ. గెలిచాడు, ఏం లాభం? ముద్దు విసిరితే పట్టుకునేవాడు లేడు."

ఆపై పోటీకి రెమీ గంట ముందే వచ్చాడట. వరస వరసకీ తిరిగి, వచ్చిన కొద్దిమందితోనూ ఒకే మాట చెప్పాడట: "కాసేపు నన్ను తుపాకీకి వదిలేయండి. అది పేలాక నేను మీవాణ్ణే." జనం నవ్వి ఒప్పుకున్నారు. అతను వంగగానే ఎంత నిశ్శబ్దమంటే, బయట వీధిలో పోయే ట్రాము గంట లోపలికి వినిపించింది. పేలాక మాత్రం ట్రాము కాదు గదా, పిడుగు పడ్డా వినిపించేది కాదు.

తర్వాత ఎనిమిదేళ్ళు పరిగెత్తాడు. చివరి రెండేళ్ళలో గెలిచింది ఒక్కటీ లేదు. అయినా అతను గీత మీద వంగితే చాలు, చంటిపిల్లల తల్లులు కూడా బిడ్డల నోటికి చెయ్యి అడ్డం పెట్టేవారు.

ధాత్రి గేటు వైపు చూసింది. అవతల అప్పుడే డప్పులు వేడెక్కుతున్నాయి. "కథ బాగుందండీ. ఇంతకీ వాళ్ళను రానిస్తారా, రానివ్వరా? ఏదో ఒకటి తేల్చండి."

ఫిలోమినా టీచర్ తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టింది.

"నేను చెబితే అది హుకుం అవుతుంది. వెళ్ళి నువ్వడుగు."