మీటరు పెట్టె ముందు పూర్ణచంద్రం

ఆశ్రమం నడిపే గురువు విరూపాక్షయ్య గారిని ఏ సందేహం అడిగినా కూర్చున్నచోటు నుంచి జవాబివ్వరు. లేచి చెప్పులు వెతుక్కుంటారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే.

ఆ వేసవిలో ఆశ్రమానికి కరెంటు బిల్లు గూబ గుయ్యిమనేలా వచ్చింది. నిర్వహణ చూసే శిష్యుడు పూర్ణచంద్రం దాని సంగతి తేల్చడానికి నడుం కట్టాడు. మంచివాడే. నాలుగింటికే లేచి జపానికి కూర్చుంటాడు. అలా లేచేవాళ్లకుండే జబ్బు ఒకటి అతనికీ ఉంది: మిగతా లోకమంతా నిద్రపోతోందనుకుంటాడు. వసారాలో బల్బులు తీయించాడు, పగలు ఫ్యాన్లు వద్దన్నాడు, చివరికి వంటింట్లో ఫ్యాను కూడా విప్పించాడు. పదకొండేళ్లుగా అందరికీ వండిపెడుతున్న ఓబుళమ్మ రెండురోజులు ఓర్చుకుని, మూడోనాడు మూట కట్టింది.

“ఆ పొయ్యికాడ ఉడికి సచ్చేది నా చేత కాదు సామీ. కూతురింటికి పోతాండా,” అని గురువుగారికి దణ్ణం పెట్టి, ఆవులకు చెప్పి రావడానికి కొట్టం వైపు వెళ్లింది.

పూర్ణచంద్రం నొచ్చుకున్నాడు. “ఇలాంటి వాళ్లకు నిగ్రహం ఎలా నేర్పాలి స్వామీ?” అని అడిగాడు.

విరూపాక్షయ్య గారు చెప్పులు వేసుకుని గేటు పక్కనున్న మీటరు పెట్టె దగ్గరికి నడిచారు. అందులో గదికొక స్విచ్చి ఉంది; వాటి పైన మీటరు మీద చిన్న ఎర్రదీపం టపటపా వెలిగి ఆరుతోంది. కరెంటు ఎంత ఖర్చయితే దానికంత తొందర.

“ఒక్కొక్క గదే ఆపుకుంటూ రా,” అన్నారు.

పూర్ణచంద్రం వంటిల్లు ఆపాడు. హాలు, అతిథుల గదులు ఆపాడు. కాస్త జంకుతూ గురువుగారి గదీ ఆపాడు. దీపం జోరు తగ్గలేదు. ఇక మిగిలింది తన గది స్విచ్చి. అది నొక్కగానే దీపం ఆగిపోయింది.

అతని గదిలో ఫ్యాను లేదు, పరుపు లేదు. దాన్ని ఆనుకున్న స్నానాలగదిలో గీజరు మాత్రం ఉంది. తెల్లవారుజామున వేణ్నీళ్లకు ఆలస్యమై జపం తప్పకూడదని దాన్ని ఎప్పుడూ ఆపడు. అక్కడి కొళాయి కారుతోంది. నీళ్లు పోయినకొద్దీ గీజరు మళ్లీ కాస్తూనే ఉంది.

పూర్ణచంద్రానికి సిగ్గుతో తల వాలింది. అయినా నోరు ఊరుకోలేదు.

“అది జపం కోసం కదా స్వామీ!”

“మీటరుకు మంత్రాలు రావు నాయనా,” అన్నారు విరూపాక్షయ్య గారు. “వెళ్లు. ఓబుళమ్మ ఇంకా గేటు దాటలేదు.”