పందికొక్కులు తవ్విన బరి

ఉదయం ఐదూ నలభైకి గరిడీ గురువు ఎద్దు సాధన బరిలో రాళ్లు ఏరుతోంది. పుష్యమాసం చలి. ఏటి ఒడ్డున మేత నేల ఎవరిదో తేల్చే పోటీకి ఇంకా మూడు రోజుల గడువుంది. గొర్రెల తరఫున పొట్టేలు, ఎదుట తోడేలు. పొట్టేలు ఓడితే మంద ఒడ్డు ఖాళీ చేసి రాళ్లగుట్ట మీదికి పోవాలి. గుట్ట మీద నీళ్లు లేవు. మందలో ఆ నెల పుట్టిన పిల్లలు పదకొండు.

ఆ గరిడీలో ఒక కట్టుబాటు ఉంది. సాధనకు వచ్చినవాడు ముందు బరి మట్టిని తన కొమ్ములతో, గిట్టలతో తవ్వాలి. తర్వాతే తలపడాలి. ఎందుకో ఎద్దు ఎవరికీ విడమరిచి చెప్పలేదు. దానికి దాని గురువూ చెప్పలేదు.

రాళ్లు ఏరడం అయ్యాక ఎద్దు నీళ్లు తాగడానికి ఏటికి దిగింది. పొట్టేలు తవ్వబోతుండగా నక్క వచ్చింది.

"ఏం అల్లుడూ, పోటీ పెట్టుకుని మట్టిపనా?"

"తవ్వందే తలపడనివ్వడు మామా, పెద్దయ్య."

"బలమంతా మట్టికి పోస్తే తోడేలుకేం మిగులుస్తావు? ఆయనకు కీళ్లు పట్టేశాయి, కాళ్లు ఆడించుకోవడానికి తవ్వుకుంటాడు. నీ వయసుకెందుకు? కూర్చో, తవ్వడానికి మనవాళ్లున్నారు."

"పెద్దయ్యకు తెలిస్తే?"

"ఆయన చూసేది మట్టిని. నిన్ను కాదు."

ఆరు పందికొక్కులు వచ్చి పావుగంటలో బరి గుల్ల చేసి పోయాయి. అంతసేపూ పొట్టేలు పొద పక్కన ముడుచుకుని పడుకుంది.

ఎద్దు తిరిగొచ్చి మట్టిలో గిట్ట దింపి చూసింది.

"ఇవాళ త్వరగా అయిందే."

"అలవాటైపోయింది పెద్దయ్యా."

"సరే, రా. గట్టిగా కొట్టు."

పొట్టేలు నాలుగడుగులు వెనక్కి వేసి ఒక్కసారిగా ఉరికింది. మూడో గెంతులో వెనక కాలి తొడలో గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. ఎద్దును చేరకముందే అది కూలిపోయింది.

ఎద్దు వంగి దాని ఒళ్లు తాకింది. చల్లగా ఉంది. కొమ్ములకు ఒక్క మట్టిబెడ్డ అంటలేదు.

"ఎవడు తవ్వాడురా?"

పొట్టేలు జరిగింది చెప్పింది.

"తవ్వించింది మట్టి కోసం కాదురా. నీ ఒళ్లు కాగడం కోసం."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా పెద్దయ్యా?"

ఎద్దు దాని వెనక తొడను మూతితో తడిమి చూసింది.

"ఆదివారానికి లేస్తానా?"

"లేవవు."

ఆదివారం తోడేలు బరి మధ్యలో కదలకుండా నిలబడింది. ఎదురు ఎవరూ రాలేదు. గెలుపు దానిదేనని తోడేలు పక్షాన నిలబడ్డ నక్క ప్రకటించింది. మధ్యాహ్నానికి మంద గుట్టెక్కింది. పొట్టేలును తల్లిగొర్రెలు వెనక నుంచి నెట్టుకుంటూ తీసుకెళ్లాయి. వారంలో నాలుగు పిల్లలు దాహంతో పోయాయి.

ఒళ్లు కాగకుండా సాధనకు దిగినవాడిని ఓడించడానికి శత్రువు అక్కర్లేదు.

మంద గుట్టెక్కిన తొమ్మిదో రోజున కాకి గుట్ట మీదికి వచ్చి ఒక సంగతి చెప్పింది. తోడేలు ముందు కాలు ఎముక విరిగి పోటీ నాటికే నెల. పోటీ రోజున అది నిలబడగలదే గానీ ఒక్క గుద్దుకు ఆగేది కాదు. నక్కకు ఈ విషయం మొదటి నుంచీ తెలుసు.