విస్తరి మూలన ఉప్పు

అనగనగా తూర్పు కొండల మధ్య ఒక అడవి. మీరనుకునే అడవి కాదది, పిల్లలూ. అక్కడ ఎవరూ ఎవర్నీ తినరు. ఆకలేస్తే పూటకూళ్ళ ఇంటికి వెళ్ళి, విస్తరి ముందు బుద్ధిగా కూర్చుంటారు. వాగు అవతల కుందేలింట్లో కొర్రన్నం, గుట్ట కింద అడవిపంది దగ్గర కంద పులుసు, ఇంకా ముందుకెళ్తే పనసగింజల వేపుడు. తినేవాడికి తిన్నంత.

ఆ అడవిలో గవరయ్య అని ఒక గోరింక ఉండేవాడు. ఎక్కడ కొత్త పొయ్యి వెలిగినా వాసన పట్టి అక్కడ వాలేవాడు. తెల్లారగానే ఇప్పచెట్టెక్కి, నిన్న ఎక్కడ ఏం తిన్నాడో, అదెలా ఉందో అడవంతా వినపడేలా చెప్పేవాడు. అబ్బో, ఏం గొంతనుకున్నారు!

వాడు ఊరికే తిండి కోసం తిరిగేవాడు కాదు. కళ్ళు తెరవని పిల్లగా ఉన్నప్పుడు గాలివానకి వాడి గూడు పడిపోయింది. తల్లి ఎటో కొట్టుకుపోయింది. వాన వెలిసి తల్లి తిరిగొచ్చేదాకా ఎవరో వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఆకు దొన్నెతో రాగి అంబలి పట్టారు. గోరువెచ్చని అంబలి. కాస్త పొగ వాసన, కాస్త పులుపు. ఎవరు పట్టారో వాడికి తెలియదు. తల్లి చెప్పకుండానే పోయింది. రుచి మాత్రం నాలిక మీద ఉండిపోయింది. ఆ అంబలి ఇంకొక్కసారి తాగాలి, పట్టిన చేతుల్ని చూడాలి. అంతే వాడి ఆశ. పాపం, ఎన్ని విస్తళ్ళ ముందు కూర్చున్నా అది దొరకలేదు.

వెళ్ళని చోటంటూ ఒక్కటే మిగిలింది. వాడి గూటికి నాలుగు చెట్ల అవతల ఎలుగుబంటి నూకాలమ్మ పూటకూళ్ళిల్లు. "పక్కదే కదా! ఎక్కడికి పోతుంది? ఎప్పుడైనా వెళ్ళొచ్చులే" అనేవాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, ఇదీ అలాంటిదే.

ఒకసారి వాడు కుందేలు కొర్రన్నాన్ని మెచ్చుకున్నాడు. మర్నాడు కుందేలింటి ముందు నిలబడడానికి చోటు లేదు. ఇంకోసారి అడవిపందిని పట్టుకుని, "నీ పులుసు నోట్లో పెడితే పళ్ళు జివ్వుమంటున్నాయి" అన్నాడు. పంది గుర్రుమంది. కానీ మర్నాటికి పులుపు తగ్గించుకుంది. ఇక గవరయ్యని పట్టగలమా? "ఉన్నదున్నట్టు చెప్తేనే ఎవరైనా బాగుపడతారు. నా నోట అబద్ధం రాదు" అని తోక ఎగరేసేవాడు.

అలా ఉండగా ముసురు పట్టింది. రెక్కలు తడిసి దూరం ఎగరలేకపోయాడు. ఆకలి మండిపోతోంది. సరేలెమ్మని నూకాలమ్మ ఇంటికే వెళ్ళాడు.

నూకాలమ్మ ముసలిదైపోయింది. మొగుడు లేడు, పిల్లలు లేరు. పొయ్యి, గరిటె, వచ్చి తినే నలుగురు, అదే ఆమె సంసారం. గవరయ్యని చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"వచ్చావా నాయనా! ఇన్నాళ్ళకి దారి తెలిసిందా? కడుపులో కాస్త చోటు ఉంచుకో. చివర్లో నీకొకటి పెడతాను" అంది.

తాబేలు తాతబ్బాయి విస్తళ్ళు వేస్తున్నాడు. ప్రతి విస్తరి మూలనా చిటికెడు ఉప్పు పెడుతున్నాడు. నూకాలమ్మ వెదురు కొమ్ముల కూర, చింతచిగురు పప్పు వడ్డించి లోపలికి వెళ్ళింది. గవరయ్య పప్పు నోట్లో పెట్టుకున్నాడు. చప్పిడి! ఉప్పన్నదే తగల్లేదు. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందట ఉప్పు. ఆ మాట నిజమే మరి.

వాడు నోరు తెరవబోయాడు. పక్కనున్న దుప్పి మూలనున్న ఉప్పు చూపించి, "కలుపుకో తమ్ముడూ, బాగుంటుంది" అని గొణిగింది. చుట్టూ చూస్తే అందరూ అదే చేస్తున్నారు. తల వంచుకుని, చిటికెడు ఉప్పు కలుపుకుని, చప్పుడు లేకుండా తింటున్నారు.

"వండేటప్పుడే వెయ్యొచ్చు కదా?" అన్నాడు గవరయ్య.

తాతబ్బాయి గబగబా దగ్గరికొచ్చాడు. తాబేలు గబగబా ఏమిటని నవ్వకండి, వాడికి చేతనైనంత గబగబా. "ఒరే నాయనా, ఈ ఒక్క పూటకీ ఊరుకోరా. తర్వాత చెప్తాను" అని బతిమాలాడు.

"నా నోట అబద్ధం రాదు మావా!" అన్నాడు గవరయ్య.

అంతలో నూకాలమ్మ గిన్నెతో బయటికొచ్చి, "ఎలా ఉంది నాయనా?" అని అడిగింది.

వాడు గొంతు సవరించుకున్నాడు. ఇప్పచెట్టు మీది గొంతే తీశాడు. "పప్పులో ఉప్పు లేదు, కూరలో ఉప్పు లేదు! వండేవాళ్ళు రుచి చూడరా? ఇది మనుషులు కూడా తినరు!"

తినేవాళ్ళంతా ఆగిపోయారు. నూకాలమ్మ పప్పు కాస్త నాలిక మీద వేసుకుంది. ఇంకాస్త వేసుకుంది. "నాకు సరిపోయినట్టే ఉందే..." అంది. విస్తళ్ళ వంక చూసింది. అన్నింటి మూలనా ఉప్పు. తాతబ్బాయి వంక తిరిగింది.

"తాతబ్బాయీ, నా నాలిక పోయిందా? ఎన్నాళ్ళయింది?"

తాతబ్బాయి తల చిప్పలోకి లాక్కున్నాడు. నూకాలమ్మ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు ఆ ఇంటి మీద పొగ లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. గవరయ్య మనసు ఊరుకోక తాతబ్బాయి దగ్గరికి వెళ్ళాడు.

"ఆమెకి రుచి తెలియడం మానేసి చాలా కాలమైందిరా" అన్నాడు తాతబ్బాయి. "తెలిస్తే వండడం మానేస్తుంది. మానేస్తే బతకదు. అందుకే విస్తరి మూలన ఉప్పు పెట్టేవాణ్ణి. ఆ రోజు ఆమె గిన్నెలో ఏముందో తెలుసా? రాగి అంబలి. గాలివానలో నీకు పట్టిందే. చెప్పుకుంటే పెట్టిన పుణ్యం పోతుందని ఎవరికీ చెప్పనిచ్చేది కాదు."

గవరయ్య ఏడుస్తూ ఎగిరివెళ్ళి నూకాలమ్మ ఒళ్ళో వాలాడు.

"తప్పయిపోయింది అత్తా! ఒక్కసారి అంబలి కాయి అత్తా. ఉప్పు నేనే కలుపుకుంటాను."

ఆమె వాడి రెక్కలు నిమిరింది. చిన్నప్పుడు నిమిరిన చేతులే. "నిజమే చెప్పావు కదరా, నీ మీద కోపమెందుకు? నాకూ కాయాలనే ఉంది. ఇన్నాళ్ళూ మీరంతా నా కోసం చప్పిడి తిన్నారని తలుచుకుంటే గరిటె పట్టుకోలేకపోతున్నాను" అంది.

వాడు రోజూ వెళ్ళేవాడు, రోజూ అడిగేవాడు. ఆమె రోజూ "రేపు చూద్దాంరా" అనేది. ఆ చలికాలంలో ఒక తెల్లవారుజామున నూకాలమ్మ కన్నుమూసింది. అప్పటిదాకా ఆమె పొయ్యి మళ్ళీ వెలగనే లేదు.

దినం నాడు అందరూ ఆ ఇంటి ముందే చేరారు. తాతబ్బాయే పప్పు వండాడు. అంబలి కాయడం మాత్రం ఎవరికీ చేతకాలేదు. ఆమెని ఎవరూ అడిగి నేర్చుకోలేదు మరి.

గవరయ్య పప్పు నోట్లో పెట్టుకున్నాడు. చప్పగా ఉంది. ఏడుస్తూ వండాడేమో, తాతబ్బాయి ఉప్పు వేయడం మరిచిపోయాడు.

"ఎలా ఉందిరా?" అని అడిగాడు తాతబ్బాయి, తడి కళ్ళతో.

గవరయ్య విస్తరి మూలనున్న ఉప్పు చిటికెడు తీసి చప్పుడు లేకుండా కలుపుకున్నాడు.

"బాగుంది మావా" అన్నాడు.

నీతి: చిటికెడు ఉప్పుతో సరిపోయే లోటును నలుగురిలో చాటకూడదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ, నోరు జారితే తీసుకోలేం.